పోటు నీటికి దారి

విశాఖపట్నం ఓడరేవును ఉప్పుటేటి బురదలోంచి తవ్వి తీశారు. 1920ల చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇంజనీర్లు పని మొదలుపెట్టేనాటికి డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక ఉన్నది పోటుకు మునిగి పాటుకు తేలే ఊబి నేల. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం ఓడలకెక్కాలి. మద్రాసుకూ కలకత్తాకూ నడుమ తూర్పు తీరంలో పెద్ద రేవు లేదు. కొండ చాటున్న ఊబి కంటే మంచి చోటు వాళ్లకు కనిపించలేదు. డ్రెడ్జర్లతో బురద తోడి పక్కనున్న పల్లాలు పూడ్చారు. అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట కట్టారు. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. డిసెంబరులో వైస్రాయి వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు.

ఆ రేవు లేకపోతే షిప్‌యార్డు లేదు, ఉక్కు కర్మాగారం ఇక్కడికి వచ్చేదీ కాదు. కాబట్టి పోయిన బురద గురించి ఏడుస్తూ కూర్చోవడం ఈ అధ్యాయం పని కాదు. అయితే ఆ బురద పూర్తిగా పోలేదు. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ నీళ్లు రేవులోకి దిగే దారిలో, గట్ల వెంబడి ఇప్పటికీ మడచెట్ల తునకలు కనిపిస్తాయి. బొగ్గు కుప్పలకూ ఆయిలు ట్యాంకులకూ కూతవేటు దూరంలో, ఆకుల మీద నల్లటి దుమ్ముతో, బురదలోంచి నిటారుగా పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లతో అవి బతుకుతూనే ఉన్నాయి.

ఇక్కడికి నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కాకినాడ దిగువన, దీనికి సరిగ్గా తిరగబడ్డ కథ నడిచింది. గౌతమి పాయ పక్కన కోరంగి ఒకప్పుడు పేరుమోసిన ఓడరేవు. ఓడలు కట్టే చోటు కూడా. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ఊరిని ముంచెత్తింది. 1839లో మరొకటి వచ్చింది. సైక్లోన్ అనే మాటను పుట్టించిన హెన్రీ పిడ్డింగ్టన్ పరిశీలించిన తుపానుల్లో కోరంగిది ఒకటి. రేవు మళ్లీ కోలుకోలేదు, ఒండ్రు పేరుకుపోయింది. 1978లో ఆ చుట్టుపక్కల మడ అడవిని 235 చదరపు కిలోమీటర్ల వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విశాఖలో ఊబి రేవైంది, కోరంగిలో రేవు అడవిలో కలిసిపోయింది. మన కథానాయకుడు ఉండేది ఆ రెండో చోట.

బావురుపిల్లి పేరు విన్నవాళ్లు చాలామందే ఉంటారు గాని చూసినవాళ్లు తక్కువ. రాత్రి పూట తిరిగే జంతువు. మగది పదహారు కిలోల దాకా తూగుతుంది, అంటే ఇంటిపిల్లికి మూడింతలు. బూడిద రంగు ఒంటి మీద వరుసలుగా నల్లమచ్చలు, పొట్టి కాళ్లు, ఒంటికి సరిపోని పొట్టి తోక, గుండ్రటి చిన్న చెవులు. పిల్లులు నీళ్లంటే భయపడతాయన్న మాట దీని దగ్గర చెల్లదు. ఒంటి మీద రెండు రకాల బొచ్చు ఉంటుంది. లోపలి పొట్టి బొచ్చు ఎంత ఒత్తుగా ఉంటుందంటే ఈదేటప్పుడు నీరు చర్మం దాకా పోదు. పైన పొడుగాటి వెంట్రుకలు మచ్చల రంగునిస్తాయి. గట్టున కూర్చుని పంజాతో చేపను గీరి పైకి లాగుతుంది. అవసరమైతే తలతో సహా నీళ్లలోకి దూకుతుంది. నీటి అడుగున ఈది, పైన తేలుతున్న బాతును కాళ్లు పట్టుకుని గుంజిన సందర్భాలూ ఉన్నాయంటారు.

పాటు వేళ బురద మీద దాని అడుగు దొరికితే తాపీగా చూడాలి. పిల్లిజాతి అడుగుల్లో సాధారణంగా గోళ్ల జాడ ఉండదు. నడిచేటప్పుడు అవి గోళ్లను లోపలికి ముడుచుకుంటాయి. బావురుపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి పోవు, కొసలు బయటే ఉంటాయి. కాబట్టి మెత్తటి బురదలో వేలిముద్రల ముందు సన్నటి గుచ్చుళ్లు పడతాయి. వేళ్ల నడుమ కొంత మేర చర్మం సాగి ఉంటుంది. ఇదంతా జారే నేల మీద, కదిలే నీటి అంచున బతకడానికి ఒళ్లు చేసుకున్న ఏర్పాటు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో దాని మలాన్ని పరీక్షించిన పరిశోధకులకు ముప్పాతిక వంతు నమూనాల్లో చేప దొరికింది. మిగతావి పక్షులు, పురుగులు, ఎలుకలు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో దీన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుల్లో చేర్చింది. 2016లో ఒక మెట్టు దింపి, ముప్పు పొంచి ఉన్న వాటి జాబితాలో పెట్టింది. దాని సంఖ్య పెరిగిందని ఎవరూ అనలేదు, తగ్గుతున్న వేగాన్ని తిరిగి అంచనా వేశారంతే. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మాత్రం అది పులితో సమానంగా మొదటి షెడ్యూలులోనే ఉంది. తూర్పు తీరంలో సుందరబనాలు, భితరకనిక, చిల్కా, కోరంగి, ఆ తర్వాత కృష్ణా మొగల దాకా దాని ఉనికి ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఈ ముక్కలన్నీ ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట్లే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పిల్లికి ఇల్లు కావాలి, ఆ ఇంటికి మడచెట్లు కావాలి. చెట్లు లేనిచోట నాటితే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. అదే తోచి లోకంలో చాలామంది చేతులు కాల్చుకున్నారు.

మడ అడవిని ఒకప్పుడు వంటచెరకు కోసం, కూపులు కట్టి, ఒక్కో ముక్కను నేలమట్టంగా నరికేవారు. కొన్నేళ్లలో మళ్లీ పెరుగుతుందని లెక్క. కొన్నిచోట్ల పెరిగింది, కొన్నిచోట్ల గడ్డి పోచ కూడా మొలవలేదు. కారణం నేల ఆకారంలో ఉంది. చెట్టు నీడ పోయాక ఎండ నేరుగా బురద మీద పడుతుంది. లోపలి వేళ్లు కుళ్లి, తడి ఆరి, నేల కుంగుతుంది. నరకని అంచులు మాత్రం ఎత్తుగానే ఉంటాయి. కొన్నాళ్లకు ఆ ముక్క అంచులెత్తిన పళ్లెంలా తయారవుతుంది. అమావాస్యకూ పున్నమికీ వచ్చే పెద్ద పోటు అంచు దాటి లోపలికొస్తుంది, పాటుకు బయటికి పోలేదు. అష్టమి నవములకు పోటు మందకొడి, అంచు దాకా కూడా రాదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. మళ్లీ పోటు, మళ్లీ ఆవిరి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఈ పళ్లెంలో, నేల లోపలి నీటిలో అది వేసవికి రెండు మూడు రెట్లకు చేరుతుంది. నేల పైన తెల్లగా ఉప్పు పేరుకుపోతుంది.

మడచెట్టు ఉప్పుకు అలవాటు పడినదే కదా అనొచ్చు. అలవాటుకూ ఒక హద్దు ఉంది. తెల్లమడ తన వేళ్ల దగ్గరే చాలా మటుకు ఉప్పును ఆపేస్తుంది. లోపలికి వచ్చినదాన్ని ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి తోస్తుంది. ఎండపూట దాని ఆకును వేలితో రాస్తే గరుకుగా ఉప్పురవ్వలు తగులుతాయి, నాలుకకు ఉప్పగా ఉంటుంది. ఉప్పుపొన్న వడపోతలో ఇంకా గట్టిది. కాని దాని మొక్క తల్లిచెట్టు కొమ్మకు వేలాడుతూనే మొలకెత్తి, పొడుగాటి కాడగా పెరిగి, బురదలోకి జారి నాటుకుంటుంది. ఆ కాడ పడ్డచోట ఉప్పు మితిమీరి ఉంటే మొదటి వేసవి దాటదు. ఈ పళ్లెం నేలల్లో ఎన్ని వేల మొక్కలు నాటినా ఫలితం అదే. బతికేది సువేడా అనే ఉప్పుకూర ఒక్కటే.

1990లలో చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తమిళనాడులోని పిచ్చావరం మడ అడవిలో ఈ చిక్కు విప్పారు. అటవీశాఖలతో కలిసి అదే పద్ధతిని గోదావరి, కృష్ణా మొగల్లోనూ అమలు చేశారు. చూడటానికి అది ఇరిగేషన్ పని, చెట్ల పని కాదు. పళ్లెం నడుమ నుంచి దగ్గరలోని పాయలోకి ఒక పెద్ద కాలువ తవ్వుతారు. దానికి రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో పిల్లకాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే చేప వెన్నుముల్లు ఆకారం, కాబట్టి చేపముల్లు కాలువలన్న పేరు స్థిరపడింది. కోణం ఎందుకంటే, నీరు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ వేగం చెడకుండా, ఒండ్రు మూలల్లో పేరుకోకుండా. పోటుకు నీరు అన్ని కొమ్మల్లోకీ ఎక్కుతుంది, పాటుకు ఉప్పును కడుక్కుని పాయలోకి దిగిపోతుంది. రోజుకు రెండుసార్లు, ఎవరి ఖర్చూ లేకుండా.

మొక్కల వంతు ఆ తర్వాత వస్తుంది. నాటడం కూడా ఇష్టం వచ్చినట్టు కుదరదు. కాలువ అడుగున నాటితే మునిగి చస్తుంది, గట్టు మీద నాటితే ఎండి చస్తుంది. వాలు మధ్యలో, పోటు నీరు తాకి వెళ్లే మట్టంలో నాటాలి. ముందు తెల్లమడ, నల్లమడ. నేల కాస్త కుదుటపడ్డాక ఉప్పుపొన్న, గుగ్గిలం, తిల్ల. తిల్లచెట్టుతో జాగ్రత్తగా ఉండాలని ఆ ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు, దాని పాలు కంట్లో పడితే చూపుకే మోసం. మోకాలి లోతు బురదలో పార పట్టి ఈ కాలువలు తవ్వినవాళ్లు పక్క ఊళ్ల మత్స్యకారులే. ఒకసారి తవ్వి వదిలేస్తే అయ్యే పని కాదిది. ఒండ్రు పూడిక పడుతుంది, ఏటా తీయాలి. పశువులకు లేత మడాకు మహా ఇష్టం, కాపలా కాయాలి. వన సంరక్షణ సమితులు ఈ పని భుజాన వేసుకున్నచోట మొక్కలు నిలిచాయి. పనికి కూలే కాక అడవి మీద వాళ్ల మాట కూడా చెల్లుబాటు అయినచోట ఇంకా బాగా నిలిచాయి.

నీరు ముందు, మొక్క తర్వాత అన్న ఈ వరస మన దగ్గరే పుట్టిందని చెప్పుకుంటే అతిశయం. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన రాబిన్ లూయిస్ అనే ఆయన, పోటు నీటి దారి సరిచేస్తే గింజలు వాటంతట అవే కొట్టుకొచ్చి మొలుస్తాయని వెస్ట్ లేక్ అనే చోట వందల హెక్టార్లలో చేసి చూపించాడు. దానికి ఎదురు ఉదాహరణ శ్రీలంక. 2004 సునామీ తర్వాత అక్కడ డబ్బు వరదలా వచ్చింది. 23 చోట్ల వెయ్యి హెక్టార్లకు పైగా మడ నాటారు. తర్వాత వెళ్లి చూసిన పరిశోధకులకు అందులో అయిదో వంతు మాత్రమే కనిపించింది, తొమ్మిది చోట్ల ఒక్క మొక్క కూడా లేదు. నాటిన రోజు ఫొటోలు మాత్రం అన్నిచోట్లా బాగానే వచ్చి ఉంటాయి.

చెట్లొచ్చాయి సరే, పిల్లి ఎలా వస్తుంది? దాన్ని ఎవరూ తేనక్కర్లేదు. రాలిన మడాకు నీళ్లలో కుళ్లుతుంది. ఆ కుళ్లు మీద సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని రొయ్యపిల్లలు తింటాయి. శ్వాసవేళ్ల సందుల్లో పెద్ద చేప దూరలేదు కాబట్టి చిన్న చేప దాక్కుంటుంది. గోదావరి జిల్లాల వాళ్లు ఎంతో ఇష్టంగా తినే పండుగప్ప కూడా పసితనంలో ఈ వేళ్ల చాటునే బతుకుతుంది. మండపీతలు బొరియలు తవ్వి బురదకు గాలి అందిస్తాయి. పాటు వేళ పాయల్లో నీరు సన్నబడి, గుంటల్లో చేపలు చిక్కుకుంటాయి. బావురుపిల్లికి కావలసింది అదిగో ఆ గంట. పక్కనే దబ్బగడ్డి గుబురో, తొర్ర ఉన్న ముదురు మడచెట్టో ఉంటే పగలు పడుకోవడానికీ, పిల్లల్ని పెట్టుకోవడానికీ సరిపోతుంది. పూలు కాయలవ్వాలంటే తేనెటీగలు, ఈగలు కూడా ఉండాలి. కోరంగి మడచెట్ల పరాగసంపర్కం మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎ.జె. సాల్మన్‌రాజు ఏళ్ల తరబడి చేసిన పని ఈ సంగతే చెబుతుంది.

2018లో కోరంగిలో కెమెరాలు కట్టి లెక్క తీస్తే 115 బావురుపిల్లులు తేలాయి. ఏ రెండింటి మచ్చలూ ఒకలా ఉండవు కాబట్టి ఫొటోలు పోల్చి ఒక్కోదాన్నీ గుర్తుపట్టొచ్చు. కెమెరా కట్టేటప్పుడు మాత్రం పోటు ఎత్తు చూసుకోవాలి, లేదంటే అది చేపల ఫొటోలే తీస్తుంది. 2022లో ఒడిశాలోని చిల్కాలో ఇలాగే లెక్కిస్తే 176 వచ్చాయి. ఈ 115లో ఎన్ని కాలువలు తవ్విన నేలల్లో ఉన్నాయో విడిగా చెప్పే లెక్క కాదిది. అయినా అంత బలమైన సంతతి నిలవడానికి అడవి ఒక్కతీరుగా, తెగకుండా ఉండాలన్నది ఖాయం.

మరి దీనితో సంతోషించి ఊరుకోవచ్చా? ఊరుకోలేం. మడ అడవికి సముద్రం ఒక కాలయితే నది మరో కాలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత ఎగువన ఎన్నో జలాశయాలు వచ్చాయి. నీటితో పాటు ఒండ్రూ అక్కడే ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రజ్ఞులు బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు ఉపగ్రహ చిత్రాలు పోల్చి, 1976కూ 2001కీ మధ్య గోదావరి డెల్టా అంచు నికరంగా దాదాపు 1,800 హెక్టార్లు సముద్రంలో కలిసిపోయిందని తేల్చారు. చేపముల్లు కాలువ ఉప్పును కడుగుతుంది గాని, కోసుకుపోయిన నేలను వెనక్కి తేలేదు. పోటును మనం ఊళ్లోంచి సరిచేసుకోగలం. ఒండ్రు సంగతి ఆనకట్టల గేట్ల దగ్గర తేలాలి, దాన్ని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

విశాఖ దగ్గరికి వద్దాం. మేఘాద్రిగెడ్డ గట్టున మడ పెంచి బావురుపిల్లిని తెస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. నేపాల్‌లోని చిత్వాన్‌లో రేడియో కాలర్లు కట్టి చూస్తే ఒక్కో ఆడపిల్లి నాలుగు నుంచి ఆరు చదరపు కిలోమీటర్లలో తిరిగింది. మగది 16 నుంచి 22. నాలుగు చదరపు కిలోమీటర్లంటే దాదాపు వెయ్యి ఎకరాలు, అది ఒక్క ఆడపిల్లికి. రేవుకీ, రైలు పట్టాలకీ, విమానాశ్రయానికీ మధ్య అంత బురద ఎవరు ఇస్తారు? అయినా ఆ తునకల విలువ తక్కువ కాదు. గెడ్డల వరదనీటిని కాసేపు పట్టి ఉంచేది, రొయ్యపిల్లకు నీడనిచ్చేది, గట్టు కోసుకుపోకుండా ఆపేది అవే. తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనల ప్రకారం మడ అడవి అత్యంత కట్టుదిట్టమైన మొదటి తరగతి నేల. కొత్తగా నాటకపోయినా ఫరవాలేదు, ఉన్నదాని మీద మట్టి పోయకుండా, దానికి నీరొచ్చే తూములు పూడకుండా చూస్తే అంతే చాలు.

చెట్ల విషయంలో ఈ ఊరిది విచిత్రమైన చరిత్ర. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను ఊడ్చి పారేసింది. ఆ తర్వాత మళ్లీ పచ్చదనం కావాలన్న ఆత్రంలో రోడ్ల నడుమ, పార్కుల చుట్టూ కోనోకార్పస్ విపరీతంగా నాటారు. త్వరగా ఎదుగుతుంది, కత్తిరిస్తే గోడలా నిలబడుతుంది. ఆ గుణాలన్నీ మన పురుగుకూ పిట్టకూ పనికిరాని గుణాలే. అది మన దేశపు చెట్టు కాదు. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. తమాషా ఏమిటంటే, కోనోకార్పస్‌కు మన కోరంగి బురదలోనే ఒక దగ్గరి బంధువు ఉంది. కడవి అంటారు దాన్ని, తెల్లటి చిన్న పూలు పూస్తుంది. ఇద్దరూ కరక్కాయ, తానికాయ, నల్లమద్ది కుటుంబం వాళ్లే. పరాయి చుట్టాన్ని పిలిచి డివైడర్ల మీద కూర్చోబెట్టాం, సొంత చుట్టం పేరు నర్సరీల జాబితాలో కూడా కనిపించదు. ఉక్కు కర్మాగారం, పోర్టు లక్షల్లో మొక్కలు నాటిన సంస్థలు. దుమ్మును ఆపడానికి అవి అవసరం, కాదనను. ఈసారి గుంటలు తవ్వే ముందు ఆ నేల మీద మునుపు ఏముండేదో అడగడం ఆనవాయితీ చేసుకుంటే, ఉప్పునీటి అంచున కడవి, మడ, కొండ వాలుల మీద ఆ కొండల చెట్లే వస్తాయి.

చివరిగా ఒక సంగతి, గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల రైతులకు. అభయారణ్యం గీత పిల్లికి తెలియదు. అది రాత్రి చెరువు గట్టు మీదికి వస్తుంది. మడ నేలలనే చెరువులుగా మార్చిన చోట రాకుండా ఎలా ఉంటుంది? వస్తే నాలుగు చేపలు పోతాయి. వల కట్టుకోండి, దీపం పెట్టుకోండి, కుక్కను పెంచుకోండి, ఉచ్చు మాత్రం వేయకండి. గట్టు మీద కూనలు కనిపిస్తే పులిపిల్లలని ఊరంతా పోగవ్వద్దు, చేతుల్లోకి ఎత్తుకోవద్దు. తల్లి వేటకు పోయి ఉంటుంది, తిరిగి వస్తుంది. చీకటి పడ్డాక కూడా రాకపోతే అటవీశాఖకు కబురు చేయండి. మొదటి షెడ్యూలు జంతువును చంపినవాళ్లకు మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, పాతిక వేలకు తగ్గకుండా జరిమానా చట్టంలో రాసి ఉన్నాయి.